లాపాజ్‌లో దిగగానే తొందరపడకండి

ప్రశ్న: జులైలో ఒంటరిగా బొలీవియా వెళ్తున్నాను. లాపాజ్‌లో దిగిన మర్నాడే ఉయుని ఉప్పు మైదానానికి బయల్దేరొచ్చా?

జవాబు: వద్దండి. లాపాజ్ విమానాశ్రయమే 4,000 మీటర్లకు పైన ఉంది; బ్యాగు భుజానికెత్తుకుంటేనే ఆయాసం. ముందు సుక్రే నగరంలో, అంటే సుమారు 2,800 మీటర్ల ఎత్తులో, మూడు నాలుగు రోజులుండి బస్సులో ఉయుని వెళ్లండి. ఉప్పు మైదానం దాటి సరస్సుల వైపు వెళ్లే జీపు యాత్రలో రాత్రి మకాం 4,200 మీటర్లకు పైన కూడా ఉంటుంది. జులై అక్కడ చలికాలం, సీసాలో నీళ్లు గడ్డకడతాయి. ఫోను రగ్గులో పెట్టుకుని పడుకోండి, లేకపోతే తెల్లారేసరికి చార్జింగ్ ఉండదు. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే పైకి కదలొద్దు. తగ్గకపోతే కిందికి దిగడమే అసలు మందు. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరును అడిగాకే. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. కోకా టీ అక్కడ తాగొచ్చు కానీ ఆకులు మాత్రం ఇండియాకు తేకండి, కేసవుతుంది.