గుర్రం బెదురుతోందా? దాణా చూడండి

ప్రశ్న: మాది బీర్కూర్. పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పుతాం. సీజన్ కదా అని మక్కలు పెంచి, రెండు రకాల బలం పొడులు కలుపుతున్నాం. ఇప్పుడు డప్పు మోగితే బెదురుతోంది, కాలితో నేల తవ్వుతోంది. ఎందుకు?

జవాబు: ముందు మక్కలనే అనుమానించండి. గుర్రం కడుపు గడ్డి కోసం పుట్టింది. ఒక్కసారిగా మక్కలు ఎక్కువైతే అరగని పిండి పెద్దపేగులో చేరి పులుస్తుంది. కడుపునొప్పి, చిరాకు అందుకే. ముదిరితే గిట్టల లోపల వాపు వస్తుంది. గిట్ట తాకి చూడండి. వేడిగా ఉండి, గుర్రం ముందుకాళ్లు చాచి బరువంతా వెనక్కి వేస్తుంటే దాణా వెంటనే ఆపేయాలి.

పొడుల లేబుళ్లు చదవండి. రెండింటిలోనూ సెలీనియం అనే ఖనిజం ఉంటే మోతాదు రెట్టింపవుతుంది. అది కాస్త మించినా విషమే. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో 21 పోలో గుర్రాలు చనిపోయాయి. వాటికి ఎక్కించిన విటమిన్ మందులో సెలీనియం అధికంగా పడింది.

మక్కలకు బదులుగా కోళ్ల దాణా మాత్రం ఒక్క గుప్పెడు కూడా వద్దు. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది.

మిల్లు తవుడు చౌకే, కానీ భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. దాన్నే ప్రధాన మేత చేస్తే ఎముకలు గుల్లబారతాయి.

ఈరోజే పొడులు ఆపండి. గిట్టలు మామూలుగా ఉంటే మక్కలను వారం పది రోజుల్లో తగ్గించండి. 350 కిలోల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి, ఎప్పుడూ మంచినీళ్లు, కాస్త ఉప్పు ఉండాలి.

దాణా మార్చినా బెదురు తగ్గకపోతే పళ్లు, గిట్టలు, జీను కింద వీపు పశువైద్యునికి చూపించండి. నేలమీద దొర్లుతున్నా, చెమటలు పడుతున్నా, లద్దె వేయకపోయినా తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుణ్ని పిలవండి. సంచార పశువైద్య సేవకు 1962కు ఫోన్ చేయవచ్చు. పొడుల డబ్బాలు కూడా చూపించండి.