కారుకు కొత్త చక్రాలు: అందం కాదు, అమరిక ముఖ్యం

ఎడ్లబండి చక్రాన్ని మీరు చూసే ఉంటారు. మధ్యలో కుండ, దానినుంచి బయలుదేరే ఆకులు, చుట్టూ ఇనుప పట్టా. కుండలోని రంధ్రం ఇరుసుకంటే మరీ పెద్దదైతే చక్రం ఊగుతుంది. మరీ చిన్నదైతే ఎక్కనే ఎక్కదు. కారు చక్రానికీ ఇదే న్యాయం. అయితే కారు చక్రం ఇరుసుమీద విడిగా తిరగదు. ‘హబ్బు’ అనే భాగానికి నట్లతో బిగిసి, దానితోపాటే తిరుగుతుంది.

నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో వేములపల్లి ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లు లారీలలో మిర్యాలగూడ మిల్లులకు చేరుతుంటాయి. అలాంటి దారిలో ఏ పాత అంబాసిడరో, మారుతి 800 కారో ఎదురైతే మనం ఆగి చూస్తాం. అంబాసిడర్‌ను బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957 నుంచి 2014 దాకా తయారు చేశారు. 1983లో మొదలైన మారుతి 800 తయారీ కూడా 2014లోనే ఆగిపోయింది. ఈ పాత కార్లను ముద్దుగా చూసుకునేవారు కొందరు వాటి ఇనుప చక్రాలు తీసేసి, మెరిసే అల్లాయ్ చక్రాలు వేయిస్తారు. సరిపడని చక్రం వేస్తే ఏమవుతుంది? లారీల నడుమ పరుగెత్తుతుండగా నట్లు సడలి చక్రమే ఊడిపోవచ్చు. కాబట్టి చక్రాన్ని కంటితో కాక కొలతలతో ఎంచుకోవాలి.

అల్లాయ్ అంటే ఏమిటి?

అల్లాయ్ అంటే మిశ్రలోహం. ఉక్కు కూడా మిశ్రలోహమే అయినా, ‘అల్లాయ్ చక్రం’ అన్నప్పుడు సాధారణంగా అల్యూమినియంలో కొద్దిగా సిలికాన్, మెగ్నీషియం కలిపి పోతపోసిన చక్రమని అర్థం. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది సుమారు 7.8 గ్రాములు. అంటే చక్రం బరువు మూడో వంతుకు తగ్గుతుందా? తగ్గదు. ఉక్కుతో సమానంగా బరువు మోయాలంటే అల్యూమినియాన్ని మందంగా పోయాలి. పెద్ద అల్లాయ్ చక్రం ఒక్కోసారి పాత ఇనుప చక్రంకంటే బరువుగానే ఉంటుంది. గుంతలో గట్టిగా పడితే ఉక్కు చక్రం వంగుతుంది. పోత అల్యూమినియం పగలవచ్చు.

మొదటి కొలత: బోల్టుల వలయం

చక్రంలోని బోల్టు రంధ్రాల కేంద్రాలన్నిటి మీదుగా ఒక వృత్తం గీయండి. దాని వ్యాసాన్ని పి.సి.డి. అంటారు. మారుతి 800కు నాలుగు రంధ్రాలు, వ్యాసం 114.3 మిల్లీమీటర్లు. ఈ వింత సంఖ్య ఎక్కడిది? 4.5 అంగుళాలను 25.4తో గుణించి చూడండి, తెలిసిపోతుంది! ఇప్పటి చిన్నకార్లలో ఎన్నింటికో ఇది 100 మిల్లీమీటర్లు. ఆ చక్రం మారుతి 800కు ఎక్కనే ఎక్కదు గనుక ప్రమాదం లేదు.

అసలు ప్రమాదం స్వల్పమైన తేడాతోనే. ఫియట్ కార్లలో చాలావాటికి ఈ వ్యాసం 98 మిల్లీమీటర్లు. వాటికి 100 చక్రం వేస్తే ఒక్కో రంధ్రం తన చోటునుంచి ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది. బలవంతంగా బిగిస్తే నట్టు ఎక్కుతుంది కూడా. కాని అది ఏటవాలుగా కూర్చుంటుంది, బోల్టు వంగుతుంది, కొన్నాళ్లకు సడలుతుంది. ఎక్కిన చక్రమల్లా సరిపోయినట్టు కాదు.

నాలుగు రంధ్రాలుంటే ఎదురెదురు కేంద్రాల దూరమే వ్యాసం. ఐదు ఉంటే ఎదురుగా రంధ్రం ఉండదు. అప్పుడు పక్కపక్క కేంద్రాల దూరాన్ని 0.588తో భాగించాలి. ఇది సైన్ 36 డిగ్రీల విలువ.

రెండవది: నడిమి రంధ్రం

చక్రం నడిమి రంధ్రం హబ్బు అంచుమీద సరిగ్గా కూర్చోవాలి. అప్పుడే చక్రం కేంద్రం, హబ్బు కేంద్రం ఒకటవుతాయి. రంధ్రం పెద్దదైతే సందును పూడ్చడానికి తగిన కొలత రింగు వాడతారు. లేకుంటే చక్రం పక్కకు ఒరిగి బిగిసి, వేగం పెరిగేకొద్దీ స్టీరింగు అదురుతుంది.

మూడవది: ఆఫ్‌సెట్

చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక తలాన్ని ఊహించండి. హబ్బుకు ఆనే ముఖం ఆ తలంనుంచి ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ముఖం బయటివైపుకు ఉంటే ధన సంఖ్య. లోపలివైపుకు ఉంటే రుణ సంఖ్య.

ఒక లెక్క చేద్దాం. పాత చక్రం వెడల్పు 4 అంగుళాలు, ఆఫ్‌సెట్ 40 మిల్లీమీటర్లు అనుకోండి. సగం వెడల్పు 50.8. కనుక దాని బయటి అంచు హబ్బు ముఖంనుంచి 10.8, లోపలి అంచు 90.8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. కొత్తది 5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 30. సగం వెడల్పు 63.5. బయటి అంచు 33.5కు, లోపలి అంచు 93.5కు చేరాయి. అంటే చక్రం 22.7 మిల్లీమీటర్లు బయటికి, 2.7 లోపలికి పెరిగింది. మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. అంతేకాదు, బయటికి జరిగిన చక్రం తులాదండంలా పనిచేసి బేరింగుల మీద భారం పెంచుతుంది.

నాలుగవది: టైరు ఎత్తు

మారుతి 800 టైరుమీద 145/70 ఆర్ 12 అని ఉంటుంది. వెడల్పు 145 మిల్లీమీటర్లు; పక్కగోడ ఎత్తు అందులో నూటికి 70, అంటే 101.5, రిమ్ము 12 అంగుళాలు, అంటే 304.8. మొత్తం వ్యాసం 304.8 + 203 = 507.8 మిల్లీమీటర్లు. దీని బదులు 155/65 ఆర్ 13 వేస్తే వ్యాసం 531.7. నూటికి 4.7 వంతు పెరిగింది! స్పీడోమీటరు లెక్కపెట్టేది చక్రం చుట్లనే గాని దూరాన్ని కాదు. కాబట్టి అది 60 చూపుతుంటే కారు దాదాపు 63 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది.

చివరిది: నట్లు

అల్లాయ్ చక్రం మందం ఎక్కువ. అందువల్ల పాత బోల్టు బయటికి తక్కువగా కనిపించవచ్చు. బోల్టు వ్యాసమెంతో కనీసం అంత పొడవున మర నట్టులో పట్టాలి. 12 మిల్లీమీటర్ల బోల్టుకు మర అడుగు 1.25 మిల్లీమీటర్లు అయితే, 12 ÷ 1.25 = 9.6. అంటే నట్టు సుమారు పది చుట్లు ఎక్కాలి. నట్టు అడుగు ఆకారం చక్రంలోని గూడు ఆకారంతో కలవాలి. బిగించేటప్పుడు వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. సుమారు వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ పానా వేసి చూడాలి. చక్రంమీద మోయగల బరువు అచ్చు ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

చేసి చూడండి

57 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో అట్టమీద ఒక వృత్తం గీయండి. 72 డిగ్రీలకొకటి చొప్పున దానిమీద ఐదు చుక్కలు పెట్టండి. పక్కపక్క చుక్కల దూరం కొలిచి 0.588తో భాగించండి. 114 వచ్చిందా? ఇప్పుడు ఆగి ఉన్న కారు చక్రాన్ని, యజమాని అనుమతితో, స్కేలుతో కొలవండి. మీ జవాబు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. ఆ తేడా 98కీ 100కీ మధ్య ఎంత ముఖ్యమో ఆలోచించండి. మెకానిక్కు స్కేలు వదిలి వెర్నియర్ కాలిపర్స్ ఎందుకు తీస్తాడో మీకే బోధపడుతుంది.