గేరు సైకిలు – మా గూడెం ఎక్కుడు



పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అమ్మకు జరమొచ్చింది. నాయన సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోయినాడు. నేను వెంట నడిచినాను. పోయేటప్పుడు దిగుడు, బాగానే పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. నాయన లేచి నిలబడి తొక్కినా సైకిలు కదలలేదు. జరంతోనే అమ్మ దిగి నడిచింది. నాయనకు బలం తక్కువ అనుకున్నాను. అది తప్పు. ఎందుకు తప్పో ఈ పాఠంలో రాస్తున్నాను.

ఈమధ్య మార్కాపురంలో ఒక కొట్టు ముందర స్టీలు సైకిలు చూసినాను. నిటారుగా కూర్చొని తొక్కేది. మట్‌గార్డులు, చైనుకవరు, క్యారియరు, మూడు గేర్లు ఉన్నాయి. చాలా స్టైలుగా ఉంది. గేర్లు స్పీడుగా పోయేదానికే అనుకున్నాను. సైన్సు మేడమ్ గారిని అడిగితే, "ముందు మన సైకిలుకు పళ్లు లెక్కపెట్టు" అన్నారు.

ప్రయోగం: వాచ్‌మెన్ తాత సైకిలును తలకిందులుగా నిలబెట్టినాము. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18 పళ్లు. 44 ÷ 18 = 2.44. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. టైరుకు సుద్దముక్కతో గుర్తుపెట్టి నేల మీద దొర్లించి కొలిస్తే, చక్రం ఒక చుట్టుకు 2.2 మీటర్లు పోయింది. కాబట్టి ఒకసారి పెడలు తిప్పితే సైకిలు 5.4 మీటర్లు పోతుంది. పెడలు రాడ్డు పొడవు 17 సెం.మీ. మన కాలు తిరిగే దూరం 2 × 3.14 × 17 = సుమారు 107 సెం.మీ.

కాలు ఒక మీటరు తిరిగితే సైకిలు అయిదు మీటర్లు పోతుంది. ఈ దూరం ఊరికే రాలేదు. పని = బలం × దూరం అని చదువుకున్నాము కదా. దూరం అయిదింతలైతే బండిని ముందుకు తోసే బలం అయిదో వంతే అవుతుంది. చదును నేల మీద అది చాలు. ఎక్కుడులో చాలదు.

గేరు చేసే పని: వెనక 28 పళ్ల చక్రం మీదికి చైను మారిస్తే 44 ÷ 28 = 1.57. ఒక చుట్టుకు 3.5 మీటర్లే పోతుంది. కానీ అదే కాలితో తోసే బలం అయిదో వంతు నుంచి దాదాపు మూడో వంతుకు పెరుగుతుంది. నష్టం ఏమిటంటే, 100 మీటర్లకు 19 చుట్లు తొక్కేది 29 చుట్లు తొక్కాలి. పెద్ద కట్టెల మోపు లేవకపోతే రెండు మోపులు చేసి రెండుసార్లు మోస్తాము కదా, అట్లాగే. గేరు బలాన్ని పుట్టించదు, బరువును పంచుతుంది.

ఇంకో రకం గేర్లు వెనక చక్రం హబ్బు లోపలే ఉంటాయి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పెట్టిన స్టర్మీ-ఆర్చర్ కంపెనీ అట్లాంటి మూడు గేర్ల హబ్బులు చేసింది. ఇందులో చైను పక్కకు జరగదు. నిండు చైనుకవరు వేసుకోవచ్చు. లంగా, చున్నీ చిక్కుకోవు. ఇక స్టీలు బరువే, కానీ విరిగితే వెల్డింగు షాపులో అతికిస్తారు.

బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బులిచ్చారు. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలో బడికి చేరే ఆడపిల్లలు పెరిగినారు. అక్కడ చాలావరకు చదును నేల. దోర్నాల దాటినాక మన నల్లమల దారి అట్లా ఉండదు. మన పిల్లల సైకిలుకు రెండు మూడు గేర్లు ఉండాలి. అది షోకు కాదు, అవసరం.

గేర్లున్నా ఎక్కుడంతా అమ్మను కూర్చోబెట్టుకొని తొక్కగలమని చెప్పలేను. సగం దూరమన్నా ఆమె నడవకుండా ఉండేది. దసరా సెలవులకు పోయినప్పుడు ఈ లెక్క మా నాయనకు చెప్తాను: "నీకు బలం తక్కువ కాదు నాయనా, వెనక చక్రానికి పళ్లు తక్కువ."

ప్రశ్న: ముందు 48, వెనక 16 పళ్లుంటే ఎక్కుడుకు మేలా, చదునుకు మేలా? జవాబు లెక్కతో సహా కింద ఖాళీలో రాయండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని