కొనే ముందు కొలవండి

బండి కొన్న ఏడాదికల్లా ఎస్‌యూవీ యజమానికి ఒక దురద మొదలవుతుంది. వెడల్పాటి టైర్లు, ఎర్రరంగు క్యాలిపర్లు, గాట్లున్న డిస్కులు. రాత్రి పొద్దుపోయేదాకా వీడియోలు చూస్తాడు, ధరలు ఆరా తీస్తాడు. ఇప్పుడున్న బ్రేక్ ప్యాడ్లు ఎంత మందం మిగిలాయని అడగండి, నీళ్లు నములుతాడు. మిగతా విషయాల్లోనూ మన వరస ఇదే. చేస్తున్న పనిలో ఎక్కడ వెనకబడ్డామో చూసుకోం, కొత్త కోర్సుకు మాత్రం ఫీజు కట్టేస్తాం. ఈ జబ్బుకు నాకు తెలిసిన మంచి మందు, ఆదివారం పొద్దున బండి ముందు చక్రం ఒకటి విప్పి చూడటం.

చదునైన సిమెంటు నేల చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయండి. జాకీ ఎత్తడం వరకే, ఎత్తిన బరువును మోయాల్సింది జాక్ స్టాండు. అది లేకపోతే ఈ వారానికి పని వాయిదా వేయండి, ఇందులో మొహమాటం లేదు.

చక్రం వచ్చాక ప్యాడ్ చూడండి. వెనకున్న ఇనప రేకును లెక్కలోకి తీసుకోకూడదు, రాపిడి పొర మందమే లెక్క. కొత్తప్పుడు సాధారణంగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటుంది. 3కి వస్తే మార్చేయాల్సిందే, అదీ రెండువైపులా ఒకేసారి. చాలామంది బయటి ప్యాడ్ చూసి బాగుందనుకుంటారు. లోపలిది టార్చి వేసి వంగి చూడాలి, ముందుగా అరిగేది చాలాసార్లు అదే. రెండింటికీ బాగా తేడా ఉంటే తప్పు ప్యాడ్‌ది కాకపోవచ్చు. క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుని ఉండొచ్చు. వాటిని శుభ్రం చేసి బ్రేకులకని అమ్మే గ్రీజు రాయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే, అవీ అలాగే అరుగుతాయి. కారణాన్ని వదిలేసి సామాను మార్చేవాడికి ఖర్చు తప్ప మార్పు కనిపించదు. ఆఫీసులో పని తెమలడం లేదని ఏటా కొత్త డైరీ కొనేవాళ్లు కూడా కాసేపు ఆ పిన్నుల దగ్గర ఆగితే మంచిది.

రెండు జాగ్రత్తలు. ఊడదీసిన క్యాలిపర్‌ను బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వకండి, తీగతో పైకి కట్టండి. దుమ్మును నోటితో ఊదకండి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక బ్రేక్ ఆయిల్. ఎవరూ పట్టించుకోనిది ఇదే. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా దిగజారవచ్చు. నిండా జనంతో తిరుమల మొదటి ఘాట్‌లో బ్రేక్ మీద కాలు తీయకుండా దిగితే ఆ వేడికి ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే చిన్న గేరులో దిగాలి, సాధారణంగా రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించాలి. మూత మీద రాసిన రకమే పోయాలి.

సరే, అప్‌గ్రేడ్ సంగతి. నా వరస ఇది: తాజా ఆయిల్, మంచి ప్యాడ్లు, పట్టున్న టైర్లు. ఊళ్లో తిరిగే బండికి ఇంతకు మించి అక్కర్లేదు. షోకు కోసం పెద్ద టైర్లు వేయించినవాళ్లకు ఒక మాట: చక్రం బరువూ ఎత్తూ పెరిగితే అదే బ్రేకుకు పని పెరుగుతుంది. అంటే డబ్బిచ్చి బ్రేకులను బలహీనం చేసుకున్నట్టు. పెద్ద డిస్కులు వేస్తే ముందు వెనకల సమతూకం మారుతుంది, ఏబీఎస్ లెక్కా తప్పొచ్చు.

ఆయిల్ మార్చి గాలి తీయడం, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు జోలి మెకానిక్‌కు వదిలేయండి. మన పని ఎక్కడిదాకా అన్నది చక్రం విప్పకముందే తేల్చుకోవాలి, సగం విప్పాక కాదు. కొలతలు, తేదీ, కిలోమీటర్లు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ‘ప్యాడ్లు అయిపోయాయి సార్’ అని ఎవరన్నా అంటే, ‘లోపలిది 6 ఉంది కదా తమ్ముడూ, ఒకసారి చూపించు’ అని గొంతు పెంచకుండా అడగొచ్చు. అలా అడగ్గలిగినవాడికి షెడ్డులో దక్కే మర్యాదే వేరు.

మీరే కొత్త ప్యాడ్లు వేస్తే బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుకు బ్రేకు పడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 15కు, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి. కాసేపు బ్రేకు తొక్కకుండా నడిపి చల్లారనిచ్చాకే ఇంటిదారి పట్టండి.