కాంతితో రోమాలు తీయించుకునే ముందు

మన గోడపత్రికలో ఛందస్సు గురించి, సామెతల గురించి, టూరు వెళ్లొచ్చిన ఊళ్ల గురించి రాస్తుంటాం. ఈసారి నేను ముఖం మీది వెంట్రుకల గురించి రాస్తున్నాను. మేడంగారిని అడిగితే "పదిమందికి పనికొచ్చేదైతే తప్పకుండా రాయమ్మా" అన్నారు. పనికొస్తుందనే నమ్మకంతో రాస్తున్నాను.

నాకు 17వ ఏట గడ్డం కింద వెంట్రుకలు మొదలయ్యాయి. అమ్మమ్మ కస్తూరి పసుపు అరగదీసి రాసేది. తర్వాత పదిహేను రోజులకోసారి త్రెడ్డింగ్. బస్సులో పక్కవాళ్లు చూస్తారేమోనని ఎప్పుడూ కిటికీ వైపే తిరిగి కూర్చునేదాన్ని. బి.ఏ. రెండో ఏడాదిలో ఒక పార్లర్‌లో "లేజర్" అంటే నమ్మి 6 సిట్టింగులకు ముందే డబ్బు కట్టేశాను. అది అమ్మ చీటీ డబ్బు. మొదటి సిట్టింగ్ బాగానే అయింది. రెండోది ఎన్.సి.సి. క్యాంపు నుంచి వచ్చిన నాలుగో రోజున పడింది. ముఖం ఎండకి నల్లబడి ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. నాకూ చెప్పాలని తెలియదు. సాయంత్రానికి దవడ పొడుగునా బొబ్బలు లేచాయి. అవి మానాక ఆ మిషను మూతి ఆకారంలోనే నల్లటి మచ్చలు మిగిలాయి. పోవడానికి 8 నెలలు పట్టింది.

ఆ మచ్చలతోనే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ మిషను మాట ఎత్తకముందే చాలాసేపు ప్రశ్నలు అడిగారు. అప్పటి నుంచి నేను చదివినదీ, ఆవిడని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ పెడుతున్నాను. ముఖ్యమైన మాట ముందే చెప్తాను. మిషను పేరుని బట్టో, సిట్టింగ్ అయిన కొద్దిరోజులకు కనిపించే నునుపుని బట్టో చికిత్స మంచిదని అనుకోకూడదు. వెలుగు వేయకముందు మనల్ని ఏం అడిగారు, అంతా అయిపోయిన కొన్ని నెలలకి ఎన్ని వెంట్రుకలు మిగిలాయి – ఈ రెండూ చూడాలి.

కాంతి చేసే పని

ఎండలో నల్లగుడ్డ తెల్లగుడ్డ కంటే త్వరగా వేడెక్కుతుంది కదా, ఇదీ అంతే. వెంట్రుకలో ఉండే నల్లరంగు పదార్థం మెలనిన్. అది కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి కుదురు దాకా వెళ్లి, వెంట్రుకను మళ్లీ పుట్టించే కణాలను దెబ్బతీస్తుంది. రంగును బట్టి, ఎంతసేపు వెలుగు వేశారనేదాన్ని బట్టి, చుట్టుపక్కల కాల్చకుండా ఒక్కచోటే వేడి పుట్టించవచ్చని ఆండర్సన్, పారిష్ అనే శాస్త్రవేత్తలు 1983లో వివరించారు. ఇప్పటి మిషన్లన్నిటికీ ఆధారం అదే. అందుకే నల్లటి, మందమైన వెంట్రుకలకు ఇది బాగా పనిచేస్తుంది. తెల్ల వెంట్రుకలకు పనిచేయదు. సన్నని నూగుకి అంతంతమాత్రమే.

చిక్కు ఏమిటంటే, మన చర్మంలోనూ ఉన్నది ఆ మెలనినే. ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టరు 1975లో మొదలుపెట్టిన కొలత ప్రకారం ఇప్పుడు చర్మాన్ని 1 నుంచి 6 దాకా రకాలుగా లెక్కేస్తారు. మన దేశంలో చాలామందివి 4, 5 రకాలు. అంటే కుదురుకి చేరాల్సిన వేడిలో కొంత పైచర్మమే తీసేసుకుంటుంది. క్యాంపులో ఎండ తగిలి నా చర్మంలో మెలనిన్ ఇంకా పెరిగింది. పోయిన నెల పెట్టిన సెట్టింగే ఈ నెలా పెట్టారు. బొబ్బలు రాక ఏమవుతాయి?

లేజర్ వేరు, ఐ.పి.ఎల్. వేరు

లేజర్ అంటే ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి. అలెగ్జాండ్రైట్ లేజర్‌ది 755 నానోమీటర్లు, డయోడ్‌ది సుమారు 810, ఎన్‌డీ-యాగ్‌ది 1064. ఐ.పి.ఎల్. లేజర్ కాదు. అది ఫ్లాష్ దీపం. సుమారు 500 నుంచి 1200 దాకా రకరకాల కాంతి కలిసి వస్తుంది, ఫిల్టరు పెట్టి కొంత ఆపుతారు. అది మోసపు మిషను అని నేను అనడం లేదు. తెలిసినవాళ్ల చేతిలో అదీ పనిచేస్తుంది. కానీ ముదురు రంగు చర్మం మీద వాడాలంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. పార్లర్‌లో నాకు "లేజర్" అని చేసింది ఐ.పి.ఎల్. అని, నేను తీసుకున్న ఫోటోలో మిషను మీది అక్షరాలు చూసి డాక్టరుగారు చెప్పారు.

తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. అందుకే 1064 ముదురు చర్మానికి ఎక్కువ క్షేమం. అదే కారణంతో సన్నని వెంట్రుకల మీద దాని ప్రభావం తక్కువ. కాబట్టి "ఏ మిషను గొప్పది?" అని కాకుండా "నా చర్మానికి ఏది వాడతారు, ఎందుకు?" అని అడగాలి.

"శాశ్వతం" అనే మాట

మన చెన్నైలో బోర్డుల మీద తమిళంలో "నిరందరం" అని రాస్తారు. తమిళంలో ఆ మాటకి శాశ్వతం అని అర్థం. మన తెలుగులో నిరంతరం అంటే ఎడతెగకుండా. నాకు మాత్రం తెలుగు అర్థమే సరిపోయింది, సిట్టింగులు ఎడతెగకుండా సాగేలా ఉన్నాయని ఇంట్లో నవ్వుకున్నాం.

నిజానికి అమెరికాలోని ఎఫ్.డి.ఏ. సంస్థ ఈ మిషన్ల విషయంలో ఒప్పుకున్న మాట "శాశ్వతంగా తగ్గించడం". శాశ్వతంగా తీసేయడం కాదు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ డబ్బు కట్టేవాళ్లకి చాలా పెద్దది. ప్రతి వెంట్రుకకీ పెరిగే దశ, ఆగే దశ, విశ్రాంతి దశ ఉంటాయి. కాంతి ముఖ్యంగా పెరిగే దశలో ఉన్నవాటి మీదే పనిచేస్తుంది. అందుకే 4 నుంచి 8 వారాల ఎడంతో 6 లేదా అంతకంటే ఎక్కువ సిట్టింగులు కావాలి. సిట్టింగ్ అయిన 1 నుంచి 3 వారాల్లో వెంట్రుకలు రాలి ముఖం నున్నగా అవుతుంది. విశ్రాంతిలో ఉన్నవి తర్వాత వస్తాయి. ఆ నునుపు చూసి ఇంకో ప్యాకేజీకి డబ్బు కట్టకండి.

వాళ్లు మనల్ని అడగాల్సినవి

1. ఈ మధ్య ఎండలో తిరిగారా?
2. నెలసరి సరిగా వస్తుందా? పి.సి.ఓ.ఎస్. వంటిది ఉంటే కొత్త వెంట్రుకలు పుడుతూనే ఉంటాయి. ముందు పరీక్షలు చేయించి దానికీ మందు వాడాలి. నా విషయంలో అదే కారణమని తేలింది.
3. ఏ మందులు వాడుతున్నారు? మొటిమలకు వాడేవి, కొన్ని యాంటీబయాటిక్స్ చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తాయి.
4. త్రెడ్డింగ్, వ్యాక్సింగ్ ఎప్పుడు చేయించుకున్నారు? కుదురుతో పీకేస్తే వేడిని అందుకోవడానికి అక్కడ వెంట్రుకే ఉండదు. కొన్ని వారాలు షేవింగ్ మాత్రమే చేయాలి.
5. గర్భంతో ఉన్నారా? గాయాలు మానాక మచ్చ ఉబ్బుతుందా?

ఇవి అడగనిచోట కూర్చోవద్దు. ముందు చిన్న చోట వేసి చూడాలి. ఇద్దరికీ కళ్లద్దాలు ఉండాలి. చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు ఉండాలి. పుట్టుమచ్చ, పచ్చబొట్టు మీద వేయకూడదు. ప్రతిసారీ వాడిన సెట్టింగ్ కాగితం మీద రాయాలి.

అయిన తర్వాత

కుదుళ్ల చుట్టూ ఎర్రగా చిన్న పొక్కుల్లా ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో పోతే అది మామూలే. బొబ్బలు లేచినా, చర్మం తెల్లగా గానీ బూడిదరంగుగా గానీ మారినా వెంటనే ఆపించి డాక్టరుకి చూపించాలి. "మొదట్లో అలాగే ఉంటుంది" అని నాకు చెప్పారు. నేను నమ్మాను. ఇంకో సంగతి. ముఖం, మెడ మీద కొంతమందికి ఉన్న నూగే ముదిరి వెంట్రుకలు పెరుగుతాయి. అలా కనిపిస్తే సిట్టింగులు పెంచడం మందు కాదు.

లెక్క మన చేతిలో

మొదలుపెట్టే ముందు గడ్డం మీద ఒక పుట్టుమచ్చ గుర్తుగా పెట్టుకుని, దాని పక్కన 2 సెంటీమీటర్ల చదరం అనుకోండి. షేవ్ చేసిన 5వ రోజున అందులో ఎన్ని వెంట్రుకలు ఉన్నాయో లెక్కపెట్టండి. అదే కిటికీ దగ్గర, అదే వేళకి ఫోటో తీసుకోండి. ఆఖరి సిట్టింగ్ అయిన 6 నెలలకి మళ్లీ అలాగే లెక్కపెట్టండి. డాక్టరుగారి దగ్గర మొదలుపెట్టినప్పుడు నాకు 31 ఉండేవి. ఇప్పుడు 9 ఉన్నాయి. నాకు ఇది మంచి ఫలితమే. నా ఫ్రెండ్ ఒకతె ఏమీ తీయించుకోనని చెప్పేసింది, అదీ మంచిదే.

అమ్మ చీటీ డబ్బులో పార్లర్ వాళ్లు ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు. బిల్లు అడగకపోవడం నా తప్పు. మీరు అడగండి. పైన రాసిన 5 ప్రశ్నలూ ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్లండి. ఏమైనా అడగాలంటే నేను ఎం.ఏ. మొదటి సంవత్సరం క్లాసులో కిటికీ పక్క బెంచీలోనే ఉంటాను. ఇప్పుడు గాలి కోసం కూర్చుంటున్నాను.