దీర్ఘవ్యాధి – నిత్యచికిత్స

శ్రీ విష్ణుసహస్రనామములలో 'భేషజం', 'భిషక్' అనునవి రెండు నామములు. ఔషధమును, వైద్యుడును శ్రీమన్నారాయణుడే యని భావము. అట్లయినను మధుమేహమువంటి దీర్ఘవ్యాధి మందులతో సమూలముగా తొలగుట అరుదు.

నయము కాకున్నను పథ్యౌషధములచే అదుపులో నుండు వ్యాధిని ఆయుర్వేదము 'యాప్యము' అన్నది. చరకసంహిత మధుమేహమును అసాధ్యములలో చేర్చినది. 1922లో ఇన్సులిన్ చికిత్స మొదలైన పిదప అది యాప్యమైనది. ఆసన్నమృత్యువు తప్పినది గాని వ్యాధి తొలగలేదు.

లోపములు ఇరువైపులను కలవు. ఆధునిక వైద్యుడు రక్తమందలి చక్కెరను కొలిచి మాత్ర నిచ్చును. రోగి వంటయింటిని, దినచర్యను విచారించుటకు ఆయనకు తరచుగా తీరిక చాలదు. ప్రత్యామ్నాయ వైద్యము పథ్యమును బోధించును. కాని "సమూలముగా కుదుర్తుము, పాత మందులు మానుడు" అను ప్రకటనలును అందే కలవు. ఇన్సులిన్ తప్పనిసరియైన రోగి దానిని మానినచో కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగవచ్చును.

కావున మ్రొక్కు పేరిటనైనను మందు మానరాదు. మందు వేసికొని ఏకాదశి ఉపవాస ముండినచో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. ముందుగా వైద్యుని అడుగవలెను. పాదములకు స్పర్శ తగ్గినవారు అలిపిరి మెట్ల నెక్కిన పిదప అరికాళ్ళను తప్పక పరీక్షించుకొనవలెను. తెలియని గాయమే పుండగును.

నిత్యారాధన ఒకనాటితో ముగియదు. దీర్ఘవ్యాధికి చికిత్సయు నట్టిదే. స్వామి యిచ్చిన దేహమును కాపాడుకొనుటయు కైంకర్యమే.