పిన్ని అనుభవం – పిల్ల చదువు

మన విశాఖపట్నం పనుల ఊరు. 1933లో ఇక్కడ ఓడరేవు మొదలైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి వేశారు. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. పని కోసం పల్లెల నుంచి ఎందరో వచ్చారు.

మొదట్లో మనుషులే బరువులు మోసేవారు. తరువాత యంత్రాలు వచ్చాయి. 1976లో పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బర్ తెరిచారు. పని మారింది. పనివాళ్ల ఆలోచనా మారింది. తల్లి వయసువాళ్లూ కూతురు వయసువాళ్లూ ఒకేచోట పనిచేస్తున్నారు. మాటా మాటా వస్తోంది. ఈ కథ చదవండి.

గాజువాక దగ్గర ఒక గోదాము. అక్కడ ముప్పై మంది ఆడవాళ్లు పని చేస్తారు. అందరిలో పెద్దామెను "పిన్ని" అంటారు. ఇరవై ఏళ్లుగా బస్తాలు కుడుతోంది. కొత్తగా ఒక అమ్మాయి చేరింది. ఇంటర్ చదివింది. మొదటి నెలే జీతం చీటీ అడిగింది.

పిన్నికి కోపం వచ్చింది.

"ఏటే గుంటా! ఇన్నేళ్లూ మేం అడిగామా? నీవల్ల మా పని పోతాది."

"పిన్నీ, మన జీతంలో పీఎఫ్ కోస్తున్నారు. అది ఖాతాలో పడుతోందా? ఎప్పుడైనా చూశావా?"

పిన్ని మాట్లాడలేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. అది కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు!

మర్నాడు అమ్మాయి ఫోనులో పిన్ని ఖాతా చూసింది. నాలుగు నెలలుగా పైసా పడలేదు.

"ఇప్పుడే వెళ్లి నిలదీస్తాను" అంది అమ్మాయి.

పిన్ని చెయ్యి పట్టుకుంది. "ఒక్కదానివీ వెళ్లకు. ఒంటరిగా అడిగినవాళ్లను మర్నాడే మానిపించేశారు. నేను చూశాను. అందరం వెళ్దాం. కాగితం రాయి. నకలు మన దగ్గర ఉంచు."

అమ్మాయి రాసింది. పిన్ని ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది. అందరి కంటే ముందు తనే సంతకం పెట్టింది. వేలిముద్ర కాదు, సంతకం! రెండు నెలల్లో బాకీ డబ్బు ఖాతాల్లో పడింది.

చదువు తప్పు పట్టుకుంది. అనుభవం దారి చూపింది. రెండూ కలిస్తేనే పని జరిగింది.

తెలుసుకోండి

• 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ కట్టాలి.
• మూల జీతం, కరువు భత్యం కలిపి 100 రూపాయలకు సాధారణంగా 12 రూపాయలు కోస్తారు. యజమాని కూడా అంతే కట్టాలి.
• గుత్తేదారు కట్టకపోతే, పని ఇచ్చిన అసలు యజమానిదే బాధ్యత.
• విశాఖపట్నంలో పీఎఫ్ కార్యాలయం ఉంది. అక్కడ ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఆలోచించండి – చెప్పండి

1. పిన్ని మొదట ఎందుకు భయపడింది? ఆ భయం తప్పా?
2. అమ్మాయి ఒక్కతే వెళ్లి ఉంటే ఏమయ్యేది?
3. మీ పనిచోట చిన్నవాళ్ల దగ్గర మీరు ఏం నేర్చుకున్నారు? వాళ్లకు ఏం నేర్పారు?

చదవండి – రాయండి

జీతం చీటీ, సంతకం, ఖాతా, నకలు, గుత్తేదారు